డొల్ల చప్పుడు

పోయినవారం జాయింట్లక్కని మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. చేతిలో భోజనం క్యారియర్, గొంతు దాకా కోపం ఉన్న మనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం మర్యాద కాదు. అయితే ఆవిడని తొందరపెట్టడం అంతకంటే ప్రమాదమని ఆమె భర్తకి తెలుసు, ఇన్ని వారాలుగా చదువుతున్న మీకూ తెలుసు.

ఇవాళే పుస్తకం చేతికందినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆమె భర్త టైల్స్ మేస్త్రి. పన్నెండేళ్ళు ఆయన టైలు వేస్తూ జరిగితే, ఆమె రబ్బరు పలకతో సందుల్లో, అంటే జాయింట్లలో, గ్రౌట్ సిమెంటు నింపుకుంటూ వెనకే జరిగింది. అందుకే పని జరిగే చోటల్లా అందరికీ ఆమె జాయింట్లక్క. ఆఖరికి అత్తగారు కూడా కోడల్ని అలాగే పిలుస్తుంది. నాలుగు నెలల కిందట ఆ సిమెంటే పడక ఆమె అరచేతులు పగిలి పుళ్ళు పడ్డాయి. ఇంకోసారి తడి సిమెంటు ముట్టుకుంటే చేతులు దక్కవని డాక్టరు ఖండితంగా చెప్పాడు. మందు రాసుకుని, తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని, ఆమె ఇంట్లో కూర్చుంది.

కూర్చున్న దగ్గర్నుంచీ మొగుడి తీరు మారింది. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. పక్క మీద ఇటు తిరిగి కబుర్లు మొదలుపెడితే, అటు తిరిగి పడుకున్న మనిషి ఊఁ కూడా కొట్టడు. "వాడి మనసు ఇంట్లో లేదే" అని అత్తగారు ఒకనాడు అనేసింది. తన రబ్బరు పలక ఏదని ఆమె అడిగితే ఎక్కడో పోయిందన్నాడు. ఆ పైన, రంగులు వేసే అతని భార్య నీళ్ళ దగ్గర కలిసి, "మీ ఆయన పక్కన కొత్తామె చేరిందటగా? చెవిలో నోరు పెట్టి మాట్లాడుకుంటూ భలే పనిచేస్తున్నారట" అని ఊదింది. మేస్త్రి ఆ ముక్క ఇంట్లో ఎత్తలేదు. ఇవాళ పొద్దున ఆయన క్యారియర్ మర్చిపోయి వెళ్ళడం జాయింట్లక్కకి మంచి సాకయింది. రెండో అంతస్తు ఇంకా మూడు మెట్లుందనగా పైనుంచి నవ్వు వినపడింది. ఒకటి మేస్త్రిది. నాలుగు నెలలుగా ఆ నవ్వు ఇంట్లో ఎవరూ వినలేదు. రెండోది ఆడమనిషిది.

అక్కడ ఆగాం. ఇప్పుడు ఆ మూడు మెట్లూ ఎక్కుదాం.

పైన పొడుగాటి వరండా, దాని పక్కన పెద్ద హాలు. హాలు గుమ్మానికి అడ్డంగా దారం కట్టి, దానికి ఒక అట్టముక్క వేలాడదీశారు. 'తడి టైలు. తొక్కవద్దు.' జాయింట్లక్క ఆ దారం తెంపి లోపలికి దూసుకుపోదామనే వచ్చింది. కానీ గుమ్మం ముందు కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. కొత్తగా వేసిన టైలు మీద ఒక్క అడుగు పడితే అది కుంగుతుంది. కుంగినదాన్ని పీకి, కింద అంటించిన గమ్ము గీకి, మళ్ళీ వేయాలి. ఆ పని ఎంత నరకమో తెలిసిన కాళ్ళవి. మనిషికి ఒళ్ళు మండుతున్నా కాళ్ళకి బుద్ధుంది.

ఆమె దారం ఇవతల నిలబడి చూసింది.

హాల్లో గుమ్మం వైపు సగం ఇవాళ వేసిన టైలు. నాలుగడుగుల పొడవున్న బూడిదరంగు టైళ్ళు. సందుల్లో టైళ్ళని సమంగా పట్టి ఉంచే క్లిప్పులు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆ తడి సగానికి అవతల, మొన్న వేసి ఆరిన సగంలో, వాళ్ళిద్దరూ వీపులు ఇటు పెట్టి మోకాళ్ళ మీద ఉన్నారు. కొత్తామెకి ముప్పై ఉంటాయేమో. జుట్టు గుడ్డతో బిగించి కట్టింది. చేతిలో రబ్బరు సుత్తి తిరగేసి పట్టుకుని, చెక్క పిడితో ఒక్కో టైలునీ కొడుతోంది.

ఇది జాయింట్లక్కకి కొత్త కాదు. సందులు నింపే ముందు ప్రతి టైలునీ కొట్టి వినాలి. కింద గమ్ము నిండుగా పట్టి ఉంటే చప్పుడు పొట్టిగా, గట్టిగా వస్తుంది. ఎక్కడైనా గాలి మిగిలితే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. డొల్ల టైలుని సందులు నింపకముందే పీకెయ్యాలి. నింపాక పీకితే పక్కవాటి అంచులు కూడా లేచిపోతాయి. పన్నెండేళ్ళు ఆమే కొట్టేది, ఆమే వినేది, "ఇది గట్టిది, ఇది డొల్ల" అని ఆమే అరిచి చెప్పేది.

ఈ కొత్తామె అరవడం లేదు. టైలు కొట్టి, మేస్త్రి కళ్ళ ముందు పిడికిలి చూపిస్తోంది. ఆయన తలూపి పని చేసుకుంటున్నాడు. ఒక టైలు దగ్గర మాత్రం పిడికిలి కాకుండా ఒక్క వేలు ఎత్తింది. ఆ చప్పుడు గుమ్మం దాకా వినపడింది. డొల్ల. మేస్త్రి దాని మీద పెన్సిల్‌తో గీత గీశాడు. పిడికిలి అంటే గట్టిది, వేలంటే డొల్ల. అబ్బో, మాటలు కూడా అక్కర్లేని స్నేహమన్నమాట. పన్నెండేళ్ళలో తమ మధ్య ఇలాంటి ముచ్చట ఒక్కటీ లేదని జాయింట్లక్కకి గుర్తొచ్చింది.

మేస్త్రి ఏదో అని పొట్ట నిమురుకున్నాడు. ఆకలి కాబోలు. కొత్తామె సుత్తి పిడితో ఆయన పొట్ట మీద టకటకమని రెండు దెబ్బలు కొట్టి, గంభీరంగా వేలు ఎత్తింది. మేస్త్రి విరగబడి నవ్వాడు.

"ఏమయ్యా!" అంది జాయింట్లక్క.

ఆయన తిరగలేదు.

"నిన్నేనయ్యా, పిలిచేది!"

వీపు అలాగే ఉంది. కట్టుకున్న పెళ్ళాం గొంతు చెవిన పడినా ఇటు చూడనంత మైకమా! కొత్తామె మాత్రం వెంటనే తిరిగి చూసి, కంగారుగా మేస్త్రి భుజం తట్టి గుమ్మం వైపు చూపించింది. ఆ తట్టడం ఎంత అలవాటుగా ఉందో దూరం నుంచి కూడా తెలుస్తోంది. రోజుకి పదిసార్లైనా తట్టకపోతే ఆ అలవాటు రాదు.

మేస్త్రి తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన చేతిలో ఉన్న పలకకి పిడి చుట్టూ నీలం గుడ్డ పేలిక చుట్టి ఉంది. పిడి అరచేతిని కోస్తోందని జాయింట్లక్క తన పాత దుప్పటి అంచు చింపి చుట్టుకున్న పేలిక అది. పోయిందని చెప్పిన పలక!

ఆమెకి కోపం రావడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఎందుకంటే కళ్ళు ఇంకో సంగతి దగ్గర చిక్కుకున్నాయి. పలక మేస్త్రి చేతిలో ఉందేమిటి? సందులు నింపుతున్నది ఆయనేమిటి? మరి కొత్తామె పక్కన గమ్ము బకెట్టు, దాని మీద గమ్ము పరిచే పళ్ళ తాపీ, పెద్ద టైలు ఎత్తే రబ్బరు పిడులు, మోకాళ్ళకి మందపాటి దిండ్లు... టైలు వేసింది అదా?

'నాకూ టైలు వేయడం నేర్పు' అని జాయింట్లక్క ఆయన్ని ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. 'ఇంతింత టైళ్ళు నువ్వు ఎత్తలేవే, నీకెందుకా కష్టం, జాయింట్లు చూసుకో చాలు' అని ప్రతిసారీ బుజ్జగించేవాడు. అది ప్రేమ అనుకుని మురిసిపోయింది కూడా. ఇప్పుడు చూస్తే ఆ నాలుగడుగుల టైళ్ళని ఒక ఆడది దర్జాగా వేసి కూర్చుంది. అంటే కష్టం ఆడవాళ్ళందరికీ కాదు, పెళ్ళానికి మాత్రమే. పక్కన కూర్చునే చోటు పోయిందని ఏడుస్తూ వచ్చిన మనిషికి, తనకి ఎన్నడూ దక్కని చోటు కూడా ఇంకొకరికి దక్కిందని తెలిస్తే ఎలా ఉంటుంది? పుండు మీద కారం చల్లినట్టుంది.

"అయితే ఇదా సంగతి!" అంది గుమ్మంలోంచి, హాలంతా మోగేలా. "పన్నెండేళ్ళు అడిగితే నాకు చేతకాదన్నావు. దీనికి నాలుగు నెలల్లో ఎలా నేర్పావయ్యా? నేర్పడంలో తీరిక లేకనేనా, ఇంట్లో మాటలు కూడా మానేశావు?"

మేస్త్రి ఆమె పెదాల వైపు కళ్ళు చికిలించి చూసి, తల కొత్తామె వైపు వంచాడు. కొత్తామె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది.

"మళ్ళీ గుసగుసలా? నా ఎదురుగానే? సిగ్గు లేకపోతే సరి!"

మేస్త్రి మళ్ళీ తల వంచాడు. "ఏమంటోంది?" అని ఆయన అడగడం స్పష్టంగా వినపడింది. ఎప్పుడూ లేనంత గట్టిగా అడిగాడు.

"నన్నే తిడుతోందన్నా," అంది కొత్తామె.

"ఏమని?"

"సిగ్గు లేదని."

"నీకా, నాకా?"

కొత్తామె దిక్కుతోచనట్టు జాయింట్లక్క వైపు చూసి, "అక్కా, ఎవరికి?" అంది.

ఇంకో రోజైతే, ఇంకొకళ్ళ ఇంటి గొడవైతే, జాయింట్లక్క పడీపడీ నవ్వేది. ఇప్పుడు మాత్రం కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. తన మాటలు తన మొగుడికి చేరాలంటే ఈ మనిషి నోటి మీదుగా పోవాలా! ఇద్దరూ కలిసి తనని ఆటపట్టిస్తున్నారనే అనుకుంది.

మేస్త్రి పలక కింద పెట్టి లేచాడు. 'అక్కడే ఉండు, వస్తున్నా' అని చెయ్యి ఊపి, అవతలి తలుపులోంచి మాయమయ్యాడు. తడి టైలు దాటడానికి లేదు. వెనక మెట్లు దిగి, భవనం చుట్టూ తిరిగి, ముందు మెట్లు ఎక్కి రావాలి. ఈలోగా హాల్లో ఒకరికొకరు ఎదురుగా ఆడవాళ్ళిద్దరే మిగిలారు.

"అక్కా," అంది కొత్తామె, "గట్టిగా అరవకు. కింద ఇంజినీరు ఉన్నాడు. ఆయనకి తెలిస్తే అన్న పని పోతుంది."

"ఏం తెలిస్తే?"

కొత్తామె ఆశ్చర్యంగా చూసింది. "అన్నకి చెవులు సరిగా వినపడవని."

జాయింట్లక్క మేస్త్రి వెళ్ళిన తలుపు వైపు చూసింది.

"నీకు తెలీదా?" అంది కొత్తామె.

చూడండి, ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది, తిట్టడానికి వీలుండేది. ఉత్త జాలి ఉంది. జాయింట్లక్క గడ్డం పైకెత్తింది. "నా మొగుడి సంగతి నాకు తెలీదనుకున్నావా? నువ్వు చెప్పాలా నాకు?"

"అదే అనుకున్నా," అని కొత్తామె తల దించుకుని, తాపీ మీద ఎండిన గమ్ముని గోటితో గీకడం మొదలుపెట్టింది. అబద్ధమని ఆమెకి అర్థమైంది. అర్థమైందని జాయింట్లక్కకీ అర్థమైంది.

మేస్త్రి ఆయాసపడుతూ మెట్లెక్కి వరండాలోకి వచ్చాడు. జాయింట్లక్క ఆయన మొహం చూడలేదు. కావాలనే వీపు తిప్పి, గోడ వైపు చూస్తూ, మామూలు గొంతుతో అంది. "పెద్దమ్మాయికి జ్వరం. నువ్వు వెంటనే ఇంటికి రావాలి."

జ్వరమూ లేదు, ఏమీ లేదు. పెద్దమ్మాయి బడిలో ఉంది. కానీ ఆ పిల్లకి ముల్లు గుచ్చుకుంటే తనకి గుచ్చుకున్నట్టు గెంతే మనిషి ఆయన.

వెనకనుంచి మేస్త్రి గొంతు వచ్చింది. "ఎందుకే అలా అటు తిరిగావు? నా మొహం కూడా చూడవా?"

ఆమె తిరిగింది. ఇన్నాళ్ళ నేరాలన్నీ ఒక్కొక్కటే ఆమె కళ్ళ ముందు విప్పుకున్నాయి. వంటింట్లోంచి పిలిస్తే పలకకపోవడం. పక్క మీద అటు తిరిగితే ఊఁ కొట్టకపోవడం. భోజనానికి ఎప్పుడూ ఎదురుగానే కూర్చుని, తను మాట్లాడుతుంటే కళ్ళు తిప్పకుండా మొహంలోకే చూడటం. ఆ చూపుని కూడా ఆమె తప్పు చేసినవాడి చూపనే లెక్కగట్టింది.

"ఎప్పట్నుంచి?" అంది, ఆయన కళ్ళెదుట, పెదాలు బాగా కదిలిస్తూ.

ఆయనకి అర్థమైంది. భుజాలు దిగిపోయాయి. "ఏడాది దాటింది. ఈ నాలుగు నెలల్లో మరీ ముదిరింది. ఇరవై ఏళ్ళు ఆ కటింగ్ మిషన్ని చెవి పక్కన పెట్టుకుని కోశాను కదే. దగ్గరగా, ఎదురుగా ఉంటే మాట తెలుస్తుంది. టైలు చప్పుడు మాత్రం తెలీదు. గట్టిదీ డొల్లా అన్నీ ఒక్కలాగే ఉంటున్నాయి. నువ్వున్నన్నాళ్ళూ నువ్వు విని చెప్పావు, గడిచిపోయింది. నువ్వు మానేశాక ఈ భవనంలో చేరి, పైన ఒక స్నానాల గది వేశాను. కొట్టి చూసి బాగుందన్నాను. వారం తిరక్కుండా అయిదు టైళ్ళు పగిలాయి. ఇంజినీరు టైలు వేసే పని ఈ అమ్మాయికిచ్చి, నన్ను జాయింట్లకి దింపాడు."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఇంట్లో కూర్చుంటావా నువ్వు? మర్నాడే వచ్చి సిమెంటులో చేతులు పెడతావు. ఆ చేతులు చూస్తూ చూస్తూ..." ఆయన ఆమె తెల్ల తొడుగుల వైపు చూశాడు. "పలక పోయిందని కూడా అందుకే చెప్పాను. నీ పలక పట్టుకుని నీ పని చేస్తున్నానని ఎలా చెప్పను?"

ఇక్కడితో జాయింట్లక్క కరిగిపోయి, కళ్ళు తుడుచుకుని, క్యారియర్ విప్పి ఉంటే ఈ కథ ఎంత హాయిగా ఉండేది! ఆమె నిజంగానే సగం కరిగింది. మిగిలిన సగం అడిగింది.

"నాకు చెప్పలేదు. మరి దానికెలా చెప్పావు?"

"నేను చెప్పలేదు. తనే కనిపెట్టింది."

"ఎప్పుడు?"

"వచ్చిన మూడో రోజు."

మూడో రోజు! ఏడాదిగా ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పక్క మీద పడుకుంటూ, తను పట్టుకోలేకపోయిన దాన్ని ఆ మనిషి మూడు రోజుల్లో పట్టేసింది. అంటే అది ఆయన్ని అంత పట్టి పట్టి చూసిందన్నమాట. తను చూసిందల్లా ఆయన పలకలేదని, అంతే. తల కొట్టేసినట్టయింది జాయింట్లక్కకి. మొగుడు పరాయి ఆడదానితో పోయాడంటే నలుగురి ముందూ చెప్పుకుని ఏడవచ్చు. పరాయి ఆడది మొగుణ్ణి తనకంటే బాగా చూసిందంటే ఎవరికి చెప్పుకోవాలి?

"టైలు వేయడం కూడా నువ్వు నేర్పలేదంటావు, అంతేగా?"

"వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకునే వచ్చింది. నాకంటే బాగా వేస్తుంది," అన్నాడు మేస్త్రి. ఆ మగవాడికి చెవులే కాదు, కొన్ని విషయాల్లో తెలివి కూడా తక్కువ. "పాపం, అది లేకపోతే ఈ నాలుగు నెలలూ ఎలా గడిచేవో!"

జాయింట్లక్క పళ్ళు బిగించింది. ఏదో అనబోయేంతలో కింది అంతస్తు మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఆమె మొహం చూసి మేస్త్రి కూడా గ్రహించాడు. గబగబా గొంతు తగ్గించాననుకుని, గట్టిగానే అన్నాడు. "ఇంజినీరు. ఇవాళ నన్ను పరీక్షిస్తానన్నాడు. తప్పితే జాయింట్లకి కూడా ఉంచడు. ఒకచోట చెవిటి మేస్త్రి అని పేరు పడితే ఇంకెక్కడా రానివ్వరే."

ఇంజినీరు సన్నగా, చొక్కా నలగకుండా ఉండే మనిషి. ఎప్పుడు వచ్చిందో కొత్తామె కూడా వెనక మెట్ల దారిన చుట్టి వచ్చి వరండాలో నిలబడింది. ఆమెని చూసి ఇంజినీరు నవ్వాడు.

"నువ్వు కిందికెళ్ళమ్మా. నీ వేళ్ళూ పిడికిళ్ళూ నెల రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఇవాళ మేస్త్రి ఒక్కడే చెప్పాలి."

కొత్తామె మొహం మాడిపోయింది. మేస్త్రి వైపు ఒకసారి, జాయింట్లక్క వైపు ఒకసారి చూసి, మెట్లు దిగింది.

"ఈవిడెవరు?"

"మా ఆవిడ సార్. భోజనం తెచ్చింది."

"ఉండనీ, నష్టమేముంది," అని ఇంజినీరు జాయింట్లక్కని గోడని చూసినట్టు చూశాడు. పన్నెండేళ్ళు టైళ్ళు కొట్టి విన్న చెవులు ఆమెవని, ఆ తెల్ల తొడుగుల్లో ఉన్నవి ఎవరి చేతులో ఆయనకి తెలియదు. ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. "మేస్త్రీ, ఈ వరండా నిరుడు వేరేవాళ్ళు వేశారు. ఏ టైలు గట్టిదో, ఏది డొల్లో నేను రాసిపెట్టుకున్నాను. నువ్వు అటు తిరిగి నిలబడు. నేను వెనక కొడతాను. నువ్వు చెప్పు."

మేస్త్రి అటు తిరిగాడు. అటు అంటే మెట్ల వైపు. మెట్ల మొదట్లో, క్యారియర్ పట్టుకుని, జాయింట్లక్క ఉంది.

ఇంజినీరు కూర్చుని సుత్తి పిడితో మొదటి టైలు కొట్టాడు. పొట్టిగా, గట్టిగా మోగింది. మేస్త్రి మొహంలో ఏమీ లేదు. కొట్టాడని కూడా ఆయనకి తెలియలేదు. ఆయన కళ్ళు మాత్రం పెళ్ళాం మొహాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి.

జాయింట్లక్క క్యారియర్‌ని ఎడమ చేతికి మార్చుకుంది. ఇంజినీరుకి కనపడకుండా మేస్త్రి వీపు చాటున, కుడి చెయ్యి నడుం దగ్గర పిడికిలి బిగించింది.

"గట్టిది సార్," అన్నాడు మేస్త్రి.

రెండోది డొల్ల. తెల్లటి తొడుగులోంచి ఒక్క వేలు లేచింది.

"డొల్ల సార్."

మూడోది గట్టిది. నాలుగోది మళ్ళీ డొల్ల. ఇంజినీరు మూల మీద కొట్టినా, మధ్యలో కొట్టినా, జాయింట్లక్క చెవికి ఒక్కటీ తప్పలేదు. నాలుగు నెలల తరువాత ఆమె ఈ పని చేస్తోంది. ఆయన తన వైపు చూస్తున్నాడు, తను చెబుతోంది, ఆయన నమ్ముతున్నాడు. గుండె నిండిపోయింది. ఇదే కదా తన చోటు! గోటికి సిమెంటు అంటకుండా, పుండు రేగకుండా, తను ఇక్కడ నిలబడి వినొచ్చు కదా! ఈ ఆలోచన ఇంతవరకూ ఆయనకి ఎందుకు రాలేదు? తనకెందుకు రాలేదు?

ఇంజినీరు మెచ్చుకోలుగా తలూపాడు. "నేనే పొరబడ్డట్టున్నాను మేస్త్రీ," అని కాస్త ముందుకొచ్చి, మేస్త్రి మొహానికి ఎదురుగా నిలబడి చెప్పాడు. "ఇంకొక్కటి. ఇది కూడా చెబితే పై రెండు అంతస్తులూ మీకే. నువ్వు, ఆ అమ్మాయి. మీ ఇద్దరి జోడీ బాగా కుదిరింది. ఆరు నెలలు పైనే ఉండాలి, ఇద్దరూ తప్ప మూడో మనిషి అక్కర్లేదు."

"అలాగే సార్!" అన్నాడు మేస్త్రి. ఆ మొహం వెలిగిపోయింది.

ఆ వెలుగు జాయింట్లక్క చూసింది. పని దొరికినందుకే ఆ వెలుగని ఏ మనిషైనా చెబుతాడు. ఆమె కూడా ఇంకో అరగంట తరువాత అయితే ఒప్పుకునేదేమో. కానీ ఆ క్షణాన ఆమెకి కనపడింది వేరే. ఆరు నెలలు. ఆయన చెవి దగ్గర ఆ నోరు. ఆయన భుజం మీద ఆ చెయ్యి. ఆకలేస్తే పొట్ట మీద సుత్తి పిడి, ఆపైన విరగబడి నవ్వు. తనకేమో ఇల్లు, మందు డబ్బా, తెల్ల తొడుగులు. ఇక్కడ తను వేలెత్తి కాపాడేది మొగుణ్ణా, ఆ జోడీనా?

అదే ఈ పని పోతే ఆయన ఇంటికొస్తాడు. ఎదురుగా కూర్చుంటాడు. ఆ చెవులకి తన గొంతు ఒక్కటే మిగులుతుంది.

ఇంజినీరు వెనక్కి వెళ్ళి, గోడ వారనున్న టైలు మీద కొట్టాడు. ఖాళీ డబ్బాలా మోగింది. ఇంత డొల్ల చప్పుడు ఆమె పన్నెండేళ్ళలో వినలేదు. అవతల వీధిలో పోయేవాడిని ఆపి అడిగినా చెప్పేస్తాడు.

మేస్త్రి ఆమెని చూస్తున్నాడు. ఆ కళ్ళల్లో ఇందాకటి బెదురు లేదు. నాలుగుసార్లు సరిగ్గా చెప్పిన మనిషి అయిదోసారీ చెబుతుందని నిశ్చింతగా ఉన్నాడు.

జాయింట్లక్క కుడి చెయ్యి ఎప్పుడు బిగుసుకుందో ఆమెకే తెలియదు. అసూయతో బిగుసుకున్న చెయ్యి అది, జవాబు కాదు. ఒక్క వేలు విప్పితే చాలు. విప్పడానికి వ్యవధి కూడా ఉంది. ఇంజినీరు తొందరపెట్టలేదు. ఆమె తన పిడికిలి వైపు తనే చూసుకుంది. చూస్తూ, విప్పలేదు.

"గట్టిది సార్," అన్నాడు మేస్త్రి, నవ్వుతూ, ఆమె వైపే చూస్తూ.

ఇంజినీరు కాగితం వైపు చూసి, దాన్ని నిదానంగా నాలుగు మడతలు పెట్టాడు.

జాయింట్లక్క వెనక, రెండు మెట్ల దిగువన, గమ్ము వాసన వేసింది. కొత్తామె కిందికి పోలేదు. మెట్ల మలుపులో నిలబడి అంతా విన్నది, ఆ తెల్ల తొడుగునీ చూసింది. ఆమె గొంతు చాలా మెల్లగా, చాలా దగ్గరగా వచ్చింది. అందులో ఇప్పటికీ వెటకారం లేదు.

"అక్కా, నీకు కూడా వినపడటం లేదా?"